పదో తరగతి పిల్లలు చదువు మీద మనసు పెట్టకపోతే ఏం చేయాలి?

మా అమ్మాయి టెన్త్‌లో ఉండగా, సంక్రాంతి సెలవుల తర్వాత పుస్తకం ముందేసుకున్నా మనసు పెట్టేది కాదు. తిట్టాను, బతిమాలాను, ఏదీ పనిచేయలేదు. ఒకరోజు అర్ధరాత్రి దాటాక లేచి చూస్తే లెక్కల నోట్సు మీదే తల వాల్చి నిద్రపోతోంది, చెంప మీద పెన్ను అచ్చు పడి ఉంది. పొద్దున్నే అయిదింటికి మళ్లీ నేనే లేపాలి! అది బద్ధకం కాదని, ఒంట్లో ఓపిక లేకపోవడమని అప్పుడు అర్థమైంది. అందుకే చదువు సంగతి తర్వాత, ముందు నిద్ర చూడండి.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, కాబట్టి తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర పట్టకపోవడం మొండితనం కాదు. లేవాల్సిన టైమ్ నుంచి వెనక్కి లెక్కేసి, పడుకునే టైమ్‌ని రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలి, మీవి కూడా. మొదటి వారం ఇదొక్కటే చేయండి, అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు.

రెండో వారం టిఫిన్. స్పెషల్ క్లాసుల హడావిడిలో ప్లేటులో ఇడ్లీలు అలాగే వదిలేసి పరిగెత్తే పిల్లలకు రాగిజావ, ఉడికించిన గుడ్డు, అరటిపండు లాంటివి అయిదు నిమిషాల్లో అయిపోతాయి. ఆడపిల్ల ఎప్పుడూ నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే, డాక్టరుకు చూపించాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ సరిగా ఒంటబట్టదు.

ఆట మాన్పించకండి. రోజుకు గంటసేపు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సైకిల్ తొక్కినా, తాడాట ఆడినా లెక్కే.

ఇక చదువు. డెసీ, ర్యాన్ అనే అమెరికా సైకాలజిస్టులు చెప్పేదేంటంటే, మనిషికి లోపలి నుంచి ఆసక్తి పుట్టాలంటే మూడు కావాలి: నిర్ణయం తనదై ఉండాలి, చేయగలనన్న నమ్మకం ఉండాలి, తనవాళ్లు పక్కన ఉన్నారనిపించాలి. అందుకే "కూర్చుని చదువు" అనడం మానేసి "ఇవాళ దేనితో మొదలుపెడతావమ్మా?" అని అడగడం మొదలుపెట్టాను. ఒక్క పాఠమే, ఇరవై నిమిషాలే. అది పూర్తయ్యాక తన ముఖం చూడాలి! పక్కింటి పిల్లల మార్కుల ఊసు మాత్రం ఎత్తకండి.

ఇన్ని చేసినా రెండు వారాలకు మించి దిగులుగానే ఉంటే, తిండీ నిద్రా సరిగా లేకపోతే, స్నేహితులతో కూడా మాట్లాడకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి నోట వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, అప్పుడే చేయండి, బిడ్డను ఒంటరిగా వదలకండి.