సకలేశపుర కొండల్లో బండి మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

బెంగళూరులో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) బండ్లున్న మన తెలుగు మిత్రబృందాలు వారాంతం రాగానే ఎక్కువగా పట్టేది సకలేశపుర దారి. నెలమంగల, కుణిగల్, హాసన్ మీదుగా సుమారు 220 కిలోమీటర్లు, అంతా మంచి రోడ్డే. కాఫీ తోటల వెనక మొదలయ్యే ఎర్రమట్టి, రాళ్ల ఎగువల్లోనే అసలు పని. అక్కడ బండి ఆగిపోవడం వల్ల జరిగే నష్టం తక్కువ, ఆగాక ఆక్సిలరేటర్ తొక్కడం వల్ల జరిగేదే ఎక్కువ. చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే రెండు సెకన్లలో కాలు తీసేయండి. దిగి నాలుగు చక్రాలూ చూశాకే మిగతా పని.

ఇంకో మాట. తోట దారులకు యజమానిని అడగాలి, అడవి దారులకు అటవీశాఖ అనుమతి ఉండాలి. అనుమతి లేని చోట బండి ఇరుక్కుంటే ఏ పరిష్కారమూ సుఖంగా ఉండదు.

ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలదు

గుంతలు వంకరగా వచ్చినప్పుడు ముందు ఎడమ, వెనక కుడి చక్రాలు గాల్లోకి లేస్తాయి. యాక్సిల్‌కు రెండు పక్కలున్న చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే చక్రానికే తిరుగుడు ఇస్తుంది, నేలను పట్టుకున్న చక్రం ఊరికే ఉంటుంది. ఫోర్ బై ఫోర్ వేసినా ఇంతే.

పరిష్కారం బండిని బట్టి మారుతుంది. గూర్ఖాలో ముందూ వెనకా డిఫ్ లాకులున్నాయి, అంటే రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించేవి. వాటిని అడ్డంకికి ముందే, బండి ఆగి ఉన్నప్పుడు వేయండి. చక్రం తిరుగుతుండగా వేస్తే ఆ దెబ్బకు యాక్సిల్ షాఫ్ట్ విరగొచ్చు. ముందు లాక్ పడితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, కాబట్టి తిన్నగా వెళ్లే చోటే వాడాలి. థార్ కొన్ని మోడళ్లలో వెనక ఉండే మెకానికల్ లాక్ దానంతటదే పడుతుంది, కానీ రెండు చక్రాల వేగాల మధ్య తేడా వస్తేనే. జిమ్నీ అయితే లో రేంజ్‌లో (వేగం తగ్గి బలం పెరిగే గేర్ల జతలో) ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపుతుంది. ఈ రెండు బండ్లలో మాత్రం రెండు సెకన్ల నియమాన్ని కాస్త సడలించి, ఆక్సిలరేటర్‌ను పెంచకుండా తగ్గించకుండా ఒకే తీరున మూడు నాలుగు సెకన్లు పట్టుకోండి. చాలామంది సరిగ్గా లాక్ పడబోయే ముందు కాలు తీసేస్తారు.

ఇవేవీ లేని పాత జీపు అయితే గాల్లో ఉన్న చక్రం కింద చదునైన రాళ్లు పేర్చండి. గుండ్రాళ్లు వద్దు, అవి ఎగిరి వెనకున్న వాళ్లకు తగులుతాయి. దారిని ఒక అడుగు పక్కకు మార్చడం కూడా చాలాసార్లు సరిపోతుంది.

ముందు చక్రాలు రెండూ అసలు తిరగకపోతే హబ్బులు (చక్రం నడిమధ్య భాగాలు) చూడండి. పాత జిప్సీలు, జీపుల్లో చేత్తో తిప్పి లాక్ చేసే హబ్బులుంటాయి. బండి లోపల ఫోర్ బై ఫోర్ లివరు వేసినా హబ్ ఫ్రీలో ఉంటే బలం చక్రానికి చేరదు.

లో రేంజ్ పడదు, పడితే బయటికి రాదు

పడకపోతే బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి లివరు లాగండి. బయటికి రాకపోతే తారు మీదో పొడి రాతి మీదో ఫోర్ బై ఫోర్‌లో మలుపులు తిప్పారని అర్థం. ఈ బండ్లలో ముందు వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో చక్రాల వేగాలు తేడా పడి షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి మూడు నాలుగు మీటర్లు వెనక్కి పోనిస్తే బిగువు వదులుతుంది. లివరును బలవంతంగా గుంజకండి.

బండి పొట్ట ఆనింది

చక్రాల గాడి లోతు మీ గ్రౌండ్ క్లియరెన్స్ (బండి పొట్టకూ నేలకూ మధ్య ఎత్తు) దాటింది. థార్‌కు 226, జిమ్నీకి 210 మిల్లీమీటర్లు. ఎంత తొక్కినా గాడి ఇంకా తవ్వుకుపోతుంది. జాకీ కింద అడుగున్నర వెడల్పు చెక్క పలక వేసి ఒక్కో చక్రం లేపి, కింద రాళ్లు నింపండి. పొట్ట కింది మట్టిని పారతో పక్కనుంచి లాగేయండి. జాకీ మీదున్న బండి కింద తలగానీ చెయ్యిగానీ పెట్టొద్దు.

దీన్ని ముందే తప్పించడానికి తారు దిగగానే గాలి తగ్గించండి: రోడ్డు మీద 30 పీఎస్‌ఐ ఉంటే 18 నుంచి 20కి. టైరు నేలను ఆనే చోటు పొడవుగా సాగి పట్టు పెరుగుతుంది. 15 కంటే దిగితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఎక్కువ. వానాకాలంలో ఈ మలెనాడు కొండ ప్రాంతపు ఎర్రమట్టి తడిస్తే నాచు పట్టిన బావి మెట్టులా జారుతుంది. గాలి తగ్గించకుండా ఆ ఎగువ ఎక్కాలనుకోవడం క్లచ్‌ను కాల్చుకోవడమే.

ఎగువలో సగంలో ఇంజిన్ ఆగింది

న్యూట్రల్‌లో వెనక్కి జారనివ్వడం, బండి తిప్పబోవడం, ఈ రెండూ బండిని పల్టీ కొట్టించేవి. కాలి బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ తొక్కి లో రేంజ్ రివర్స్ వేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేకు దించి, క్లచ్‌ను మెల్లగా పూర్తిగా వదులుతూ, దానితో పాటే కాలి బ్రేకునూ మెల్లగా వదలండి. బండి ఇంజిన్ బిగువు మీదే వెనక్కి నడుస్తుంది. పక్కకు తిరగకుండా వాలు వెంబడే తిన్నగా దిగండి. ఆ క్షణంలో వెనక ఎవరూ నిలబడకూడదు.

క్లచ్ కాలిన వాసన వస్తే హై రేంజ్‌లో ఎక్కించబోయారన్నమాట. ఇరవై నిమిషాలు ఆపి, లో రేంజ్ మొదటి లేదా రెండో గేరులో మళ్లీ మొదలుపెట్టండి. పాదం క్లచ్ మీద ఆనించి ఉంచకండి.

దిగువలో బ్రేకు పెడల్ మెత్తబడింది

బ్రేకు మీదే దిగుతున్నారు. వేడికి ప్యాడ్లు పట్టు కోల్పోతాయి, బ్రేకు ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. పెడల్ మెత్తగా తగిలితే పంపు చేస్తూ తక్కువ గేరులోకి దిగి, చదును దొరకగానే ఆపండి, చక్రాలకు రాళ్లు పెట్టండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంగిపోతాయి. మిగతా దిగువ లో రేంజ్ మొదటి గేరులో, క్లచ్ తొక్కకుండా.

వాగులో ఇంజిన్ ఆగింది

స్టార్ట్ చేయకండి. ఎవరు ఎంత తొందర పెట్టినా సరే. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కసారి తాళం తిప్పినందుకు ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. బండిని తాడుతో బయటికి లాగి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. పేపరు పొడిగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. తడిగా ఉంటే పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కు గ్లో ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి చిమ్మేలా తిప్పాలి. చేతకాకపోతే టో చేయించండి.

థార్‌కు 650, గూర్ఖాకు 700 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్లొచ్చని కంపెనీ లెక్క. పారే నీటికి అది వర్తించదు. ముందు ఒకరు కర్రతో నడిచి చూడాలి, మనిషి నిలబడలేని ప్రవాహంలో బండీ నిలవదు. దాటిన మర్నాడు డిఫ్ ఆయిల్ చూడండి. పాలు కలిసిన కాఫీ రంగుకు మారితే బ్రీదర్ (డిఫ్ పెట్టెకు గాలి ఆడే గొట్టం) గుండా నీళ్లు వెళ్లాయి, ఆయిల్ మార్చాల్సిందే.

టైరు రిమ్ము నుంచి ఊడింది

జాకీతో లేపి, రిమ్ము అంచులో పేరుకున్న ఎర్రమట్టిని వేలితో తీసేయండి. ఒక్క చిన్న రాయి మిగిలినా గాలి నిలవదు. అంచంతా సబ్బునీళ్లు రాసి, టైరు చుట్టూ రాచెట్ పట్టీ (లివరుతో బిగించే పట్టీ) బిగించి, వాల్వ్ పిన్ను తీసి కంప్రెసర్‌తో గాలి కొట్టండి. టప్ మని రెండుసార్లు చప్పుడు వస్తే కూర్చున్నట్టు. టైరు పక్క గోడ చీలితే మాత్రం పంక్చర్ ప్లగ్ పనికిరాదు, స్టెప్నీ వేయండి.

తాడు కట్టి లాగినా రావడం లేదు

మనుషుల ప్రాణాలు పోయేది ఇక్కడే, కాబట్టి ఓపికగా చదవండి. మట్టిలో కూరుకున్న బండికి మామూలు టో తాడు పనికిరాదు, సాగే నైలాన్ కైనెటిక్ తాడు కావాలి. దాని తెగే బరువు బండి బరువుకు కనీసం మూడు రెట్లు ఉండాలి. ఛాసిస్‌కు బిగించిన రికవరీ హుక్కుకే కట్టండి. బంపరుకు, టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే గుండుకు) కట్టకండి. ఊడిన టో బాల్ తూటాలా ఎగిరి అద్దం చీల్చుకుంటూ పోతుంది. తాడును హుక్కుకు కలిపే ఇనుప కొక్కెం షాకిల్. దాని మీద అచ్చు వేసిన పని బరువు 4.75 టన్నులు ఉండాలి. బెంగళూరు జేసీ రోడ్ విడిభాగాల దుకాణాల్లో బరువు అచ్చు లేని షాకిళ్లు చవకగా చూపిస్తే తీసుకోకండి.

ఒకటి రెండు మీటర్లు వదులు ఉంచి, లాగే బండి నడక వేగంతో మొదలవ్వాలి. ఇరుక్కున్న బండి డ్రైవరు కూడా అదే క్షణంలో మెల్లగా గేరులో సాయం చేయాలి. తాడు మీద తడి గోనెసంచి వేయండి, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో అందరినీ నిలబెట్టండి. సైగ చేసేది ఒక్కరే. నలుగురు మిత్రులు నాలుగు వైపుల నుంచి అరిస్తే డ్రైవరు ఎవరి మాటా వినలేడు. ఎడమ, కుడి అని కాకుండా చేత్తో చూపించండి. రెండు ప్రయత్నాల్లో రాకపోతే మళ్లీ తవ్వండి, ఇంకా గట్టిగా లాగకండి.

తిరుగు ప్రయాణంలో 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది

అలైన్‌మెంట్ పోయిందని కంగారు పడకండి. రిమ్ము లోపలి వైపు ఎండిన మట్టి గడ్డ బ్యాలెన్స్ చెడగొడుతుంది. సకలేశపురలోనే ఏదైనా వాటర్ సర్వీసు దగ్గర చక్రాల లోపలి వైపు కడిగించి, గాలి మళ్లీ 30కి నింపి, నట్లు బిగించుకోండి. అప్పటికీ వణికితే హాసన్‌లో టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ) చూపించాకే హైవే ఎక్కండి.