ఎండల్లో మెక్సికన్ పెంకు పురుగులు: వయ్యారిభామ మీదికి వదిలే ముందు జాగ్రత్తలు

వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కను తినిపించడానికి 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చిన జైగోగ్రామా పెంకు పురుగు ఇప్పుడు మన పొలం గట్ల మీద కూడా కనిపిస్తోంది. సైజు కందిగింజంత, తెల్లటి వీపు మీద ముదురు గోధుమరంగు చారలు. పురుగులకు మనలా ఒంటి వేడిని అదుపులో పెట్టుకునే శక్తి లేదు. చుట్టూ ఎంత కాగితే ఒళ్లూ అంత కాగుతుంది. చావకపోయినా గుడ్లు పెట్టడం తగ్గుతుంది, పెట్టినవీ ఎండిపోతాయి.

అయితే ఎండాకాలం గడవడానికి దాని ఉపాయం దానికుంది. మట్టిలోకి దూరి నెలల తరబడి తిండి లేకుండా పడుకుంటుంది, వానలు పడ్డాక లేస్తుంది. వేసవిలో మనం చేయగల పెద్ద సాయం ఆ చోటును కెలక్కుండా ఉండటమే. కిందటి వానాకాలం పురుగులు దండిగా ఉన్న గట్టు దగ్గర ఓ కర్ర పాతి గుర్తు పెట్టుకోండి. అక్కడ దుక్కి దున్నొద్దు, ఎండిన కలుపుకు నిప్పు పెట్టొద్దు.

కొత్తగా వదలాలనుకునేవాళ్లు తొందరపడేది మే నెలలోనే. ఒక అకాల వాన పడుతుంది, వయ్యారిభామ మొలుస్తుంది, ఇంకేం అనుకుంటారు. నాలుగు రోజులకు మళ్లీ నిప్పులు చెరిగే ఎండ, లేత మొలకలు మాడిపోతాయి, పురుగులకు తిండీ నీడా ఉండవు. రుతుపవనాలు నిలదొక్కుకుని, మొక్కలు మోకాలెత్తు పెరిగి, నేల పదును పట్టేదాకా ఆగండి.

ఎక్కువ నష్టం దారిలో జరుగుతుంది. జబల్‌పూర్ కలుపు పరిశోధన డైరెక్టరేట్ లాంటి చోట్ల నుంచి తెప్పించినా, పక్క ఊరి నుంచి ఏరుకొచ్చినా ఇదే వరస. గాలి ఆడే చిల్లులున్న డబ్బా తీసుకోండి. అడుగున కాగితం, పైన తాజా వయ్యారిభామ ఆకులు వేయండి. ఆకులు కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, లేకపోతే దురద, దద్దుర్లు. ఆకు తడిగా ఉంటే తుడిచేయండి, డబ్బాలో చెమ్మ పడితే పురుగులు అందులోనే కుళ్లిపోతాయి. ఐస్ ప్యాక్ పెట్టాలంటే గుడ్డలో చుట్టి, డబ్బాకు ఆనకుండా థర్మోకోల్ పెట్టెలో ఒక మూలన పెట్టండి. అద్దాలు బిగించిన కారు, బైక్ డిక్కీ, బస్సు పైకప్పు వద్దే వద్దు. టీ తాగొచ్చేలోపు డబ్బా మొత్తం పోవచ్చు! రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరుకోవడం మేలు.

వదిలేది పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. ఒక చోట 500 నుంచి 1000 పురుగులు వదలమంటారు. వాటిని పదిచోట్ల చల్లేస్తే ఎక్కడా నిలదొక్కుకోవు. రాళ్ల దిబ్బ కన్నా చెట్టు నీడ పడే, కాలువ పక్కన తేమ నిలిచే జాగా చూసుకోండి. ఎదిగిన పిల్ల పురుగులు పెద్ద పురుగులుగా మారే కోశదశ కోసం మట్టిలోకే దిగాలి, నేల గట్టిపడితే దిగలేవు.

వదిలాక వానలు ముఖం చాటేసి మొక్కలు వాడుతుంటే, సాయంత్రం పూట ఆ మేర నీళ్లు చల్లండి. ఆకుల అడుగున గుడ్లున్నాయేమో చూస్తూ ఉండండి. ఆ పక్కన కలుపు మందు కొట్టాల్సి వస్తే పురుగులున్న జాగాను వదిలేసి కొట్టమని కూలీలకు ముందే చెప్పండి.