పాత లెదర్ బ్యాగుకి ఏమైంది? ముందు చూడండి, తర్వాతే ఏదైనా రాయండి

మా అమ్మ శాంతినికేతన్ బ్యాగుని పాడు చేసింది నేనే. కలకత్తా వెళ్లినప్పుడు కొనుక్కొచ్చుకున్న, రంగులద్దిన తోలు బ్యాగు అది. పాతికేళ్లు బీరువాలో పట్టుచీరల కింద పడి ఉన్నా ఏమీ కాలేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం నా చేతిలో రెండు చెంచాల కొబ్బరినూనెతో పోయింది. ఎండిపోయినట్టు కనిపించింది కదా, తలకి పెట్టినట్టు కాస్త నూనె పట్టిస్తే మెత్తబడుతుందనుకున్నాను. మెత్తబడింది, కాదనను. కానీ నెమలి బొమ్మ చుట్టూ ఉన్న లేత పసుపు కాస్తా మట్టిరంగులోకి దిగిపోయింది, నెల తిరిగేసరికి బ్యాగు తెరిస్తే కనరు వాసన. అమ్మ తిట్టలేదు. "పోనీలేవే" అంది, అదే ఎక్కువ బాధ.

ఆ తర్వాత పిన్నిది, మేనత్తది, ఆఫీసులో తెలిసినవాళ్లవి, ఇలా పాత బ్యాగులు చాలానే నా చేతిలోకి వచ్చాయి. వాటిలో సగం, వాడి పాడైనవి కావు, బాగుచేయబోయి పాడుచేసినవే. అందుకే కింద రాసినవన్నీ కంటికి కనిపించేదాని దగ్గర మొదలుపెట్టాను. మీ బ్యాగుకి ఏది ఉందో అది వెతుక్కుని చదవండి చాలు, ఈ మొదటి భాగం మాత్రం ఎవరూ వదలొద్దు.

ముందు ఇది తోలేనా?

లోపలి జేబు అంచో, పట్టీ చివరో, కోసిన అంచు ఎక్కడైనా బయటికి కనిపిస్తుంది. అక్కడ పీచు పీచుగా, దూదిలా ఉంటే తోలు. గుడ్డ అల్లిక కనిపించి, దాని మీద పల్చటి పొర ఉంటే రెగ్జినో, పీయూనో (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత వేసిన నకిలీ తోలు). బ్యాగు పైపొర పొలుసులు పొలుసులుగా రాలి కింద గుడ్డ బయటపడుతోందంటే అది చాలావరకు పీయూనే. గాలిలో తేమకి ఆ ప్లాస్టిక్ విచ్చిపోతుంది, దానికి ఏ క్రీమూ పనిచేయదు. ఫోటో తీసుకుని పారేయండి, డబ్బులు తగలేయకండి.

తోలే అయితే అడుగున, ఎవరికీ కనిపించని చోట ఒక్క నీటిబొట్టు వేసి ఒక నిమిషం చూడండి. బొట్టు లోపలికి ఇంకి మచ్చ ముదురు రంగులో కనిపిస్తే అది పీల్చే తోలు, అంటే పైన పూత లేనిది. పాత శాంతినికేతన్ బ్యాగులు, చెట్టు బెరడుతో ఊనిన (అంటే పచ్చితోలు కుళ్లకుండా పదును చేసిన) తోళ్లు చాలావరకు ఇలాంటివే. బొట్టు ముత్యంలా నిలబడితే పైన రంగు పూత ఉన్న తోలు. పూత ఉన్నదాన్ని తడిగుడ్డతో తుడిచినా భయం లేదు. పీల్చేదాని మీద మీరు ఏది వేసినా లోపలికి పోతుంది, మళ్లీ తీయడం మీ వల్ల కాదు.

ఇంకొకటి. తోలు స్వభావం కొంచెం ఆమ్లం, పీహెచ్ సుమారు 4, 5 మధ్య ఉంటుంది. మనం బట్టలకి, ఒంటికి వాడే సబ్బు 9, 10 దాకా ఉంటుంది. వంటసోడా కూడా క్షారమే. అందుకే సబ్బుతో కడిగిన తోలు ఆ రోజుకి తళతళలాడి, ఆరాక అట్టముక్కలా అవుతుంది.

తెల్లగా ఏదో పట్టింది

విశాఖ, కాకినాడ వైపు వాళ్లకి ఇది ఏటా వచ్చేదే, వానలు మొదలైన నెలకి బీరువా తలుపు తీస్తే చాలు. కానీ తెల్లగా కనిపించిందల్లా బూజు కాదు. తోలుని మెత్తగా ఉంచడానికి తయారీలోనే కొవ్వులు పట్టిస్తారు, అవి ఏళ్ల తర్వాత పైకి తేలి తెల్లటి పొడిలా, పల్చటి మైనంలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడం చాలా తేలిక: హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరం నుంచి పది సెకన్లు పట్టండి. కరిగి మాయమైతే కొవ్వు. అలాగే ఉంటే చాలావరకు బూజే.

కొవ్వయితే ఆ గోరువెచ్చదనంలోనే మెత్తటి నూలుగుడ్డతో తుడిచేయండి, అంతే. మళ్లీ వస్తే మళ్లీ తుడవండి, బ్యాగుకి దానివల్ల హాని లేదు.

బూజయితే ఇంట్లో దులపకండి. బాల్కనీలోకో డాబా మీదకో తీసుకెళ్లి, మాస్కు పెట్టుకుని, పొడి బ్రష్షుతో దులపండి. తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతులు నీళ్లు కలిపి, గుడ్డని అందులో ముంచి గట్టిగా పిండేసి, పిండాక చేతికి చల్లగా తగలాలి గానీ తడి అంటకూడదు, దాంతో తుడవండి. శాంతినికేతన్ లాంటి రంగులద్దిన బ్యాగు అయితే ఈ రెండో పని చేయొద్దు. తడి తగిలితే ఆ రంగులు ఒకదానిలోకి ఒకటి దిగుతాయి, పొడి బ్రష్షుతోనే ఆపేయండి. తర్వాత నీడలో, ఫ్యాను గాలికి, నోరు తెరిచి రెండు రోజులు పెట్టండి. బూజు ఎండలో చచ్చిపోతుందని మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేసే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. తడి తోలు వేడికి ముడుచుకుపోతుంది, ఒకసారి ముడుచుకుంటే సాగదు.

అసలు కారణం తీయకపోతే వచ్చే వానాకాలం మళ్లీ ఇదే పని. గాలిలో తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది. దానికి తోడు మనం బ్యాగుని జాగ్రత్త అనుకుంటూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడతాం, ఉన్న తేమ కాస్తా లోపలే ఉండిపోతుంది. పాత దిండు గలీబులో పెట్టండి. కింద అరలో, గోడకి ఆనించి పెట్టకండి. రంగు మారే సిలికా జెల్ దొరుకుతుంది, రంగు మారిందంటే ఇక తేమ పీల్చదని అర్థం. చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు దాచిపెట్టి ఏళ్ల తరబడి బ్యాగుల్లో పెడుతుంటారు, అవి ఎప్పుడో నిండిపోయి ఉంటాయి.

కలరా ఉండల వాసన, ముక్కిన వాసన

సెంటు కొట్టకండి. రెండు వాసనలూ కలిసి మూడోది పుడుతుంది. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోనో బకెట్లోనో అడుగున గిన్నెడు బొగ్గు ముక్కలు పోసి, బ్యాగుకి అంటకుండా పక్కన కూర్చోబెట్టి, మూత పెట్టి వారం వదిలేయండి. బ్యాగు నిండా న్యూస్‌పేపర్ కుక్కి రెండు రోజులకోసారి మార్చండి. లేత రంగు బ్యాగు అయితే తెల్ల కాగితం వాడండి, సిరా అంటుతుంది. కలరా ఉండల వాసన మొండిది, రెండు మూడు వారాలు పట్టినా కంగారుపడొద్దు.

పిడి నల్లగా జిడ్డుగా ఉంది

చేతి చెమట, తలనూనె, హ్యాండ్ క్రీమ్. పీల్చే తోలయితే ముల్తానీ మట్టి పొడిని, తడపకుండా, పొడిగానే పిడి మీద మందంగా పోసి ఒక రాత్రంతా ఉంచి బ్రష్షుతో దులపండి. మొదటిసారి పెద్ద తేడా కనిపించదు, నాలుగైదు సార్లు చేస్తే మట్టి రంగు మారడం మానేస్తుంది, అప్పుడు ఆపండి. పూత ఉన్న తోలయితే బేబీ షాంపూ ఒక చుక్క నీళ్లలో గిలక్కొట్టి, నీళ్లు వదిలేసి పైన నురగ మాత్రం గుడ్డకి తీసుకుని తుడవండి.

పిడి మీద రంగే లేచిపోయి మచ్చలు మచ్చలుగా ఉంటే అది మురికి కాదు, శానిటైజర్. కరోనా రోజుల్లో చేతికి రాసుకుని ఆరకుండానే బ్యాగు పట్టుకున్నాం, స్పిరిట్ పూతని తినేసింది. దాన్ని శుభ్రం చేసేదేం లేదు, తోళ్లకి వేసే రంగు వేయాలి. చెప్పుల పాలిష్ వేశారంటే మాత్రం మీ పట్టుచీర నడుం దగ్గర అది కనిపిస్తుంది.

బిగుసుకుపోయింది, గీతలు పడ్డాయి, పగిలింది

ఇక్కడే అందరూ నూనె సీసా అందుకుంటారు. ఆగండి. గీత పడినచోట వేలితో మెల్లిగా వంచి చూడండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. పైపైన సన్నటి ముడతలుంటే ఎండడం. ముడత అడుగున పీచు తెగి కనిపిస్తే పగులు.

ఎండిన తోలుకి లెదర్ కండిషనర్ క్రీమ్, అదీ ఒక్కోసారి బియ్యపు గింజంత, గుడ్డకి తీసుకుని పల్చగా రాసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు ఇంకోసారి. నాలుగు రోజుల్లో తోలు దానంతట అది వంగుతుంది, మీరు వంచితే విరుగుతుంది. కొబ్బరినూనె, ఆలివ్ నూనె వద్దనేది ఎందుకో మొదట్లోనే చెప్పాను: లోపలికి పోయి ఊరుకోవు, రంగు ముదురు చేస్తాయి, దుమ్ము పట్టిస్తాయి, గాలి తగిలి కనరెక్కుతాయి. కొబ్బరినూనె అయితే చలికాలం సీసాలో గడ్డకట్టినట్టే తోలులోనూ గడ్డకడుతుంది.

పగులు మాత్రం ఏ క్రీముతోనూ మూసుకోదు. లెదర్ ఫిల్లర్ అని గుజ్జులా దొరుకుతుంది, పలుచటి పొరలుగా నింపి, ఆరాక రుద్ది, పైన రంగు వేయాలి. మడత పడే చోట ఎంత బాగా చేసినా ఏడాదికి మళ్లీ విచ్చుకుంటుంది. మడతపడని చోటే చేయించండి.

ముట్టుకుంటే చేతికి ఎర్రటి ఇటుకపొడిలా అంటుకుంటోందా? ఇది వేరే సంగతి. బెరడుతో ఊనిన చాలా పాత తోళ్లకి, గాలిలోని గంధకం పొగలకి లోపల ఆమ్లం పెరిగి పీచు పొడైపోతుంది. తిరిగి బాగుపడదు. నీళ్లు గానీ నూనె గానీ తగిలితే నల్లబడి గట్టిపడుతుంది. మ్యూజియంలలో స్పిరిట్‌లో కలిపిన ఒక రకం సెల్యులోజ్ జిగురుని పట్టించి, రాలకుండా మాత్రం ఆపుతారు. ఇంట్లో అయితే గుడ్డలో చుట్టి దాచుకోండి, భుజాన వేసుకోకండి.

కోచ్ అనే అమెరికా కంపెనీ పాత బ్యాగుల్ని బకెట్ నీళ్లలో ముంచేసి కడిగే వీడియోలు చూసి చాలామంది అడుగుతారు, మనదీ ముంచేద్దామా అని. వద్దు. 1941లో న్యూయార్క్‌లో మొదలైన ఆ కంపెనీ, బేస్‌బాల్ గ్లవ్ తోలు స్ఫూర్తితో చేసిన మందపాటి ఆవు తోలు వాడేది. 1962 నుంచి బోనీ కాషిన్ అనే డిజైనర్ వాటికి రూపం ఇచ్చింది, ఆ తిప్పే ఇత్తడి తాళం ఆమె తన కారు పైకప్పు బిగింపుని చూసి పెట్టిందే. ఆ బ్యాగుల్లో చాలావాటికి లోపల గుడ్డ ఉండదు, అట్ట ఉండదు, అందుకని ముంచినా తట్టుకుంటాయి. అప్పుడు కూడా తువ్వాళ్లు కుక్కి నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, తేమ ఇంకా కొంచెం ఉండగానే క్రీమ్ పట్టించాలి. మన బ్యాగుల్లో చాలావాటికి అడుగున అట్ట ఉంటుంది, ముంచితే అప్పడంలా ఉబ్బుతుంది.

ఇత్తడి దగ్గర పచ్చగా మైనంలా పేరుకుంది

చిలుమే, కానీ చెంబు మీద పట్టే చిలుము లాంటిది కాదు. తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి జిగురు ముద్దలా అవుతాయి. పళ్లపుల్లతో గీకి, దూది పుల్లతో తుడిచేయండి. చింతపండు, పీతాంబరి పొడి దగ్గరికి తేకండి. ఆ రసం కారి తోలులోకి ఇంకితే ఇత్తడి మెరుస్తుంది, దాని చుట్టూ మచ్చ మిగులుతుంది. మెరుగు పెట్టాలనే ఉంటే, ఇత్తడి చుట్టూ తోలు మీద టేపు అంటించుకుని, దూది పుల్లతో ఇత్తడి పాలిష్ కొంచెం.

పిన్నీసు ఉన్నచోట నల్లమచ్చ

ఇది నాకు ఇష్టమైన మచ్చ. పూర్వం సిరా ఎలా చేసేవారు? కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లగా మారేది. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం, అన్నభేదిలో ఇనుము. దక్షిణాదిలో తోళ్లు ఊనింది కూడా తంగేడు బెరడుతో, కరక్కాయతోనే. బ్యాగులో పిన్నీసు తుప్పు పట్టి, తేమ తగిలితే అక్కడ సిరానే తయారవుతుంది. నిమ్మరసం దూది పుల్లతో మచ్చ మీద మాత్రమే అద్దండి, కళ్లముందే పల్చబడుతుంది. వెంటనే తడిగుడ్డతో అద్ది తీసేయండి. ఇది రంగు వేయని, సహజ రంగు తోలుకి మాత్రమే. నిమ్మరసం వేసిన రంగునీ తీసేస్తుంది.

పెన్ను గీత

పీల్చే తోలయితే వదిలేయండి. పూత తోలయితే ముందు తెల్ల రబ్బరుతో మెల్లిగా ప్రయత్నించండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే గీతతో పాటు రంగూ పోతుంది, గీతే నయమనిపిస్తుంది.

లోపలి గుడ్డ

పసుపు మచ్చ ఉంటే సబ్బు పెట్టకండి, క్షారం తగలగానే ఎర్రగా మారుతుంది, కుంకుమ చేసేదీ ఆ లక్షణంతోనే. గుడ్డని బయటికి తిరగేసి, తోలు మీద మందపాటి గుడ్డ కప్పి, ఆ మచ్చకి మాత్రమే ఉదయపు ఎండ తగలనివ్వండి. పసుపు ఎండకి వెలిసిపోతుంది, రెండు మూడు రోజుల్లో.

లోపలి పొర చేతికి బంకలా అంటుకుంటోందంటే అది ప్లాస్టిక్ పూత వేసిన లైనింగ్. పౌడర్ చల్లితే వారం ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. లైనింగ్ మార్పించడమే దారి. బ్యాగులు కుట్టే అతనికి పాతది పారేయకుండా అలాగే ఇవ్వండి, దాన్ని పరిచి కొత్తది కత్తిరించుకుంటాడు.

జిప్పు, కుట్లు

జిప్పు బిగుసుకుంటే పళ్లకి కొవ్వొత్తి రుద్దండి. కుట్టు ఊడితే పాత రంధ్రాల్లోంచే, మైనం పట్టించిన దారంతో చేత్తో కుట్టించండి. మిషన్ మీద వేస్తే పాత రంధ్రాల పక్కనే కొత్తవి పడతాయి, అప్పుడు తోలు తపాలా బిళ్లల కాగితంలా ఆ గీత వెంబడే చిరుగుతుంది. చుక్క వేయగానే గట్టిపడే జిగురు మాత్రం వాడొద్దు, అంటించినచోట తోలు పెంకులా అయి, దాని పక్కన కొత్తగా విరుగుతుంది. చెప్పులు కుట్టే అతని దగ్గర ఉండే రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, కాస్త ఆరనిచ్చి, అప్పుడు అదమండి.