పండగ సేల్స్ ముందు ఓపెన్‌టోఫు వాడే టీమ్‌లకి జాగ్రత్తలు

దసరా, దీపావళి సేల్స్ దగ్గర పడితే చాలా కంపెనీల్లో ఫ్రీజ్ పెడతారు. ఇక ప్రొడక్షన్‌లో ఎవరూ చెయ్యి పెట్టకూడదన్నమాట. ఫ్రీజ్ మంచిదే. కానీ దానికి ముందు వారం ఉంటుంది చూశారా, అసలు టెన్షన్ అక్కడే. నెలల తరబడి పెండింగ్‌లో పడున్న మార్పులన్నీ ఆ వారంలోనే ఆదరాబాదరాగా తోసేస్తారు. క్లౌడ్‌లో సర్వర్లు, డేటాబేసులు, నెట్‌వర్క్ ఎలా ఉండాలో కోడ్‌లో రాస్తే వాటిని అలాగే కట్టిపెట్టే టూల్ ఓపెన్‌టోఫు. అన్నీ దాంతోనే నడిపే టీమ్ ఆ వారంలో ఏం చూసుకోవాలో చెప్తాను. టెర్రాఫార్మ్ వాడేవాళ్లకీ దాదాపు ఇవే వర్తిస్తాయి. 2023 ఆగస్టులో హాషీకార్ప్ కంపెనీ తన టెర్రాఫార్మ్ టూల్ లైసెన్సు మార్చాక దాని పాత కోడ్ నుంచి విడిపోయిందే ఓపెన్‌టోఫు. ఇప్పుడది లైనక్స్ ఫౌండేషన్ కింద ఉంది.

ముందు ప్లాన్ చదవడం గురించి. ప్లాన్ అంటే కోడ్ ప్రకారం ఏమేం మారుస్తుందో టూల్ ముందుగా చూపించే జాబితా, దాన్ని అమలు చేయడమే అప్లై. "అదెవరికి తెలీదు?" అంటారు. చాలామంది చదివేది చివరి లైనొక్కటే: ఎన్ని యాడ్, ఎన్ని చేంజ్, ఎన్ని డిస్ట్రాయ్. ఆ లైన్ చూసి ఎస్ కొట్టేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. సేల్‌కి ముందు సెక్యూరిటీ ఆడిట్ వాళ్లొచ్చి, ఆర్డీఎస్ (అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని డేటాబేస్ సర్వీస్) డేటాబేస్‌లో స్టోరేజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో లేదన్నారు. కోడ్‌లో ఒక్క మాట మార్చాలి, ఫాల్స్ బదులు ట్రూ. రివ్యూలో ఎవరికీ అనుమానం రాదు. ప్లాన్‌లో మాత్రం ఆ డేటాబేస్ పక్కన -/+ గుర్తు, ఆ మారిన లైన్ చివర "ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్" అని ఉంటుంది. అంటే ఉన్న డేటాబేస్‌ని తీసేసి, ఖాళీది కొత్తగా కడతానంటోంది. చివరి లైన్‌లో కనబడేది ఒక యాడ్, ఒక డిస్ట్రాయ్, అంతే. నడుస్తున్న డేటాబేస్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టాలంటే స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న పూర్తి కాపీ) తీసి, ఆ స్నాప్‌షాట్‌ని ఎన్‌క్రిప్షన్‌తో కాపీ చేసి, దాన్నుంచి కొత్త డేటాబేస్ లేపాలి. అది సేల్ ముందు వారంలో పెట్టుకునే పని కాదు.

డిస్ట్రాయ్ సున్నా అని ఉన్నా ధీమా పడొద్దు. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల ప్రాంతం) 2022 నవంబర్‌లో వచ్చింది. ముంబై నుంచి అక్కడికి మారదామని ఎవరో ప్రొవైడర్‌లో (టూల్‌ని క్లౌడ్‌తో కలిపే ప్లగిన్) రీజియన్ పేరు మార్చారనుకోండి. ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ 5వ వెర్షన్ దాకా జరిగేది ఇది: టూల్ హైదరాబాద్‌లో వెతుకుతుంది, అక్కడ మీ సర్వర్లు కనబడవు. ఎవరో తీసేశారు కాబోలనుకుని అన్నీ కొత్తగా కడతానంటుంది. ప్లాన్ నిండా పచ్చ రంగే. అప్లై చేశాక ముంబైలోని పాతవి స్టేట్ ఫైల్ (టూల్ తను కట్టినవాటి లెక్క రాసుకునే ఫైల్) నుంచి జారిపోతాయి. అవి నడుస్తూనే ఉంటాయి, బిల్లు వస్తూనే ఉంటుంది, కోడ్‌కి మాత్రం వాటి సంగతే తెలీదు.

డేటాబేసులకి ప్రివెంట్ డిస్ట్రాయ్ (తీసేయబోతే టూల్‌ని ఆపే సెట్టింగ్) పెట్టాం కదా అని కొందరి నమ్మకం. పెట్టండి, కానీ అది ఉండేది కోడ్ బ్లాక్ లోపల. క్లీనప్ పేరుతో ఎవరైనా ఆ బ్లాక్ మొత్తం లేపేస్తే కాపలా కూడా దాంతోపాటే పోతుంది. అందుకే డేటాబేస్‌కే ఉండే డిలీషన్ ప్రొటెక్షన్ కూడా ఆన్ చేసుకోండి. అది క్లౌడ్ వైపున ఉంటుంది, కోడ్‌లో బ్లాక్ లేకపోయినా డిలీట్‌కి ఒప్పుకోదు. నన్నడిగితే రెండిట్లో దీన్నే ముందు పెట్టమంటాను.

స్టేట్ ఫైల్ ఉన్న ఎస్3 బకెట్‌కి (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటు) వెర్షనింగ్, అంటే పాత కాపీలు కూడా ఉంచుకోవడం, ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూడండి. ఫ్రీజ్ ముందు టోఫు స్టేట్ పుల్ కమాండ్‌తో ఒక కాపీ తీసి భద్రమైన చోట దాచండి. అందులో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉండొచ్చు కాబట్టి టీమ్ చాట్‌లో మాత్రం పడేయకండి. 1.7 వెర్షన్ నుంచి ఓపెన్‌టోఫులో స్టేట్ ఎన్‌క్రిప్షన్ ఉంది, మంచి సదుపాయం. అయితే కీ పోతే ఆ స్టేట్‌ని మీరు కూడా చదవలేరు. దాన్ని మొదలుపెట్టడం, టెర్రాఫార్మ్ నుంచి ఓపెన్‌టోఫుకి మారడం, ప్రొవైడర్ పెద్ద వెర్షన్ ఎక్కించడం... ఈ మూడూ పండగ అయ్యాకే. ప్రొవైడర్ వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్ గిట్‌లో ఉండాలి. లేకపోతే సీఐ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా నడిపే) మెషీన్ ఒక వెర్షన్, మీ ల్యాప్‌టాప్ ఇంకో వెర్షన్ దింపుకోవచ్చు.

ప్లాన్‌ని అవుట్ ఆప్షన్‌తో ఫైల్‌గా దాచి, రివ్యూ అయిన ఆ ఫైల్‌నే అప్లై చెయ్యండి. ఈలోగా ఇంకెవరైనా స్టేట్ మార్చి ఉంటే, ప్లాన్ పాతబడిందని చెప్పి టూలే ఆగిపోతుంది. సీఐలో ఎవరినీ అడక్కుండానే అప్లై చేసేసే ఆటో అప్రూవ్ ఉంటే ఈ నెల రోజులైనా తీసేయండి. స్టేట్ లాక్ అయిపోయి కనబడితే (ఒకరు అప్లై చేస్తుండగా ఇంకొకరు చేయకుండా టూల్ వేసే తాళమిది) వెంటనే ఫోర్స్ అన్‌లాక్ కొట్టకండి. లాక్ ఎవరి పేరు మీద ఉందో మెసేజ్‌లోనే ఉంటుంది. ముందు ఆ మనిషికి ఫోన్ చేసి, అప్లై ఇంకా నడుస్తోందేమో అడగండి.

ఇక సేల్ రాత్రి. ట్రాఫిక్ పెరిగి, ఆన్‌కాల్‌లో ఉన్నాయన క్లౌడ్ కన్సోల్ వెబ్ పేజీలోకి వెళ్లి ఆటో స్కేలింగ్ గ్రూప్ (ట్రాఫిక్‌ని బట్టి పెరిగి తగ్గే సర్వర్ల గుంపు) గరిష్ఠ పరిమితిని 10 నుంచి 40 చేశాడనుకుందాం. సరైన పనే చేశాడు. కోడ్‌లో మాత్రం ఇంకా 10 ఉంది. తెల్లారాక ఇంకొకరు సంబంధం లేని చిన్న డీఎన్ఎస్ మార్పు కోసం అప్లై చేస్తారు. ప్లాన్‌లో పసుపు రంగు ~ గుర్తుతో ఒక లైన్ ఉంటుంది, 40 నుంచి 10కి. ఎరుపు లేదు కదా అని ఎస్ కొడతారు. అప్పటికి నలభై సర్వర్లూ నడుస్తుంటే అందులో ముప్పై ఆగిపోతాయి. అందుకే చేత్తో మార్చినవాళ్లు ఏం మార్చారో, ఎంతకి మార్చారో, ఎన్నింటికో ఒకే చోట రాసి పెట్టాలి. ఎంత చిన్న పనికైనా అప్లై చేసేవాళ్లు ముందు ఆ చిట్టా తెరిచి ప్లాన్‌తో పోల్చుకోవాలి. సేల్ అయిపోయాక మొదటి కమిట్ కూడా ఆ చిట్టాలో ఉన్నవే: ఉంచాల్సినవి కోడ్‌లోకి ఎక్కించడం, అక్కర్లేనివి వెనక్కి తీసేయడం. కొత్త ఫీచర్ల పని ఆ తర్వాతే ముట్టుకోండి.