చెరువు గట్టు మీదికి ఏ టార్చిలైటు?

భీమవరం వైపు రొయ్యల చెరువులకు రాత్రి కాపలా వెళ్లేవారు టార్చిలైటు కొనేటప్పుడు పెట్టె మీది ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకెను నమ్మకుండా, అది 18650 సెల్లుతో (మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే లిథియం సెల్లు) పనిచేస్తుందా, వెనక మూతకు రబ్బరు రింగు ఉందా అన్నది ముందుగా చూడాలి. తక్కువ ధర చైనా బ్రాండ్లలో వుర్కోస్ ఎఫ్‌సి11కు టైప్-సి ఛార్జింగ్ ఉండటం సౌకర్యమే అయినా, ఉప్పునీటి తడి చేతులతో పట్టుకునే చోట నేను ఛార్జింగ్ రంధ్రమే లేని కాన్వాయ్ ఎస్2 ప్లస్ వైపే మొగ్గుతాను. సెల్లును తీసి విడిగా ఛార్జర్‌లో పెట్టుకునే శ్రమ మాత్రం తప్పదు. సోఫిర్న్ ఎస్‌సి31 ప్రో కూడా గట్టిదే కానీ, మీటను ఎన్నిసార్లు నొక్కితే ఏమవుతుందో గుర్తుపెట్టుకోవలసింది ఎక్కువ కనుక కాపలా మనిషి చేతికి ఇవ్వదగినది కాదు. ఏది కొన్నా అప్పుడప్పుడు మూత విప్పి, మరలు తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి.