ఇంగ్లీషులో పార్టిసిపుల్ క్లాజులను తప్పు లేకుండా ఎలా వాడాలి?

‘వాన పడి చెరువు నిండింది’ అన్న వాక్యంలో పడినది వాన, నిండినది చెరువు. కర్తలు వేరైనా తెలుగు చెవికి ఇందులో ఏ లోటూ వినిపించదు. ఇదే అలవాటుతో ఇంగ్లీషులో పార్టిసిపుల్ క్లాజు, అంటే ‘ఇంగ్’ రూపంతోనో క్రియ మూడో రూపంతోనో నడుస్తూ ప్రధాన వాక్యాన్ని అంటిపెట్టుకుని ఉండే భాగం, రాస్తే మాత్రం తప్పు పడుతుంది, ఎందుకంటే క్లాజులో కర్త కనిపించకపోయినా, ప్రధాన వాక్యంలోని కర్తే ఆ పనీ చేసినట్టు అక్కడ లెక్క. సంస్కృతంలో ‘గత్వా’ (వెళ్లి) వంటి రూపాలనిచ్చే క్త్వా ప్రత్యయానికి వ్యాకరణకర్త పాణిని పెట్టిన ‘సమానకర్తృకయోః పూర్వకాలే’ (రెండు పనులకూ కర్త ఒకరే అయినప్పుడు, ముందు జరిగిన పనికి) అన్న నియమం గుర్తున్నవారికి ఈ సంగతి కొత్తగా తోచదు.

అందువల్ల క్లాజును నేరుగా రాయబోకుండా, ముందు రెండు పూర్తి వాక్యాలను కర్తలతో సహా కాగితం మీద పెట్టండి: ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ. ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్.’ రెండింటికీ కర్త ‘ఐ’ కనుక మొదటి ‘ఐ’ని తీసేసి ‘హ్యావింగ్ కంప్లీటెడ్ మై డిగ్రీ, ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్’ అనవచ్చు. ఉద్యోగ దరఖాస్తుల్లో తరచు కనిపించే ‘హ్యావింగ్ కంప్లీటెడ్ మై డిగ్రీ, దిస్ జాబ్ సూట్స్ మీ’ అన్న వాక్యంలోనేమో డిగ్రీ పూర్తిచేసింది ఉద్యోగమే అవుతుంది! కర్తలు కలవనప్పుడు క్లాజును వదిలేసి ‘బికాజ్’, ‘వెన్’, ‘ఆఫ్టర్’ వంటి మాటతో పూర్తి వాక్యమే రాయడం మేలు. చెరువు వాక్యాన్ని ‘బికాజ్ ఇట్ రెయిన్డ్, ద ట్యాంక్ ఫిల్డ్ అప్’ అంటే సరిపోతుంది.

కర్త కుదిరాక రూపం చూడాలి. తెలుగులో ‘చేస్తూ’ అనేచోట ‘ఇంగ్’ రూపం, పని ముగిశాక మరొకటి జరిగిందని స్పష్టంగా చెప్పాలంటే ‘హ్యావింగ్’తో కూడిన రూపం, కర్త మీదే పని జరిగితే ‘రిటెన్’, ‘బిల్ట్’ వంటి మూడో రూపం వస్తాయి. అయితే వెంటవెంటనే జరిగే చిన్న పనులకు, తెలుగులో ‘తీసి’ అన్నా, ఇంగ్లీషులో ‘ఓపెనింగ్ ద డోర్, షి స్టెప్డ్ అవుట్’ అనే రాస్తారు. వ్యతిరేకార్థానికి ‘నాట్’ను ముందే పెట్టాలి: ‘నాట్ నోయింగ్ ద అడ్రస్, వి ఆస్క్డ్ ఎ షాప్‌కీపర్.’ ‘ఐ యామ్ నోయింగ్’ తప్పని బడిలో నేర్చుకున్నవారు ఇక్కడ జంకుతారు గాని, క్లాజులో ఆ రూపం నిక్షేపంగా చెల్లుతుంది.

నామవాచకాన్ని విశేషించే క్లాజుల దగ్గర మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. ‘పులిని చూసిన మనిషి’, ‘పులి చూసిన మనిషి’ అన్న రెండింటిలోనూ ‘చూసిన’ అన్న ధాతుజ విశేషణం (క్రియ నుంచి పుట్టిన విశేషణం) ఒక్కటే; చూసిందెవరో విభక్తి చెబుతుంది. ఇంగ్లీషులో రెండోది ‘ద మ్యాన్ సీన్ బై ద టైగర్’ అవుతుంది, క్లాజు నామవాచకం తరువాతికి పోతుంది. మొదటిదాన్ని ‘ద మ్యాన్ సీయింగ్ ద టైగర్’ అనకూడదు, ‘ద మ్యాన్ హూ సా ద టైగర్’ అనాలి. నామవాచకం వెంట వచ్చే ‘ఇంగ్’ రూపం సాధారణంగా జరుగుతూ ఉన్న పనినో, కొనసాగే స్థితినో చెబుతుంది గాని, ఒకసారి జరిగి ముగిసిన పనిని చెప్పదు. అందుకే ‘నిన్న వచ్చిన మనిషి’ని కూడా ‘హూ కేమ్ యెస్టర్డే’ అనే రాయాలి. ‘తలుపు దగ్గర నిలబడ్డ మనిషి’ మాత్రం, తెలుగులో భూతకాల రూపమే అయినా, ఇంకా నిలబడే ఉన్నాడు కనుక ‘ద మ్యాన్ స్టాండింగ్ ఎట్ ద డోర్’ అవుతాడు.

క్లాజు ఉండే చోటు కూడా అర్థాన్ని మారుస్తుంది. ‘క్రాసింగ్ ద రోడ్, ఐ సా మై అంకుల్’ అంటే రోడ్డు దాటుతున్నది నేను. ‘ఐ సా మై అంకుల్ క్రాసింగ్ ద రోడ్’ అంటే మామయ్య. మొదటి వాక్యంలోని కామాను మరచిపోకూడదు.

‘జనరల్లీ స్పీకింగ్’ వంటి స్థిరపడిన పదబంధాలకు ఈ కర్త నియమం పట్టదు. ‘వెదర్ పర్మిటింగ్’ తన కర్తను (‘వెదర్’ను) తానే తెచ్చుకుంటుంది. ‘హ్యావింగ్’తో మొదలయ్యే వాక్యాలు ఉత్తరాలకూ వ్యాసాలకూ నప్పుతాయి గాని, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు ‘ఆఫ్టర్ ఐ ఫినిష్డ్ వర్క్, ఐ వెంట్ హోమ్’ అనడమే సహజం.