గ్యాస్ గీజర్ కనెక్షన్‌లో వచ్చే ఇబ్బందులు: వాసన, ఢబ్ శబ్దం, పసుపు మంట, తల తిరగడం

చలి మొదలైందంటే మా నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఇళ్లల్లో గ్యాస్ గీజర్ల బిగింపు మొదలవుతుంది. నీళ్లు నిమిషంలో కాగుతాయి, కరెంటుతో పని లేదు, అంతవరకు బాగానే ఉంది. కానీ చాలా ఇళ్లల్లో దాన్ని బిగించిన తీరు చూస్తే నాకు భయమేస్తుంది.

గ్యాస్ వాసన వస్తోంది

వాసన తగిలిందంటే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. వేయడమే కాదు, ఆపడం కూడా వద్దు. రెగ్యులేటర్ కట్టేసి తీసేయండి, బండకు (సిలిండర్‌కు) సేఫ్టీ క్యాప్ పెట్టండి, తలుపులు బార్లా తెరవండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి పైనున్న వెంటిలేటర్ ఒక్కటే తీస్తే పోదు. బయటికి వచ్చాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

కారణం ఎక్కువగా పైపులోనో, క్లిప్పులోనో, బండ వాల్వు లోపలి రబ్బరు రింగులోనో ఉంటుంది. మా చిన్నమ్మ వాళ్లింట్లో బండ వంటింట్లో, గీజర్ బాత్రూంలో, మధ్యలో పైపు కిటికీ చువ్వల్లోంచి పోయేది. చువ్వకు రాసుకుని రాసుకుని పైపు మీద వేలిగోరంత నల్ల మచ్చ పడింది. సబ్బునీళ్లు పూస్తే ఆ మచ్చ మీద చిన్న బుడగ ఒకటి లేచి, మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ లేచింది. పరీక్ష అంటే ఇదే: గీజర్ ఆపి, రెగ్యులేటర్ ఆన్‌లో పెట్టి, ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

లోపల తీగ అల్లిన నారింజ రంగు సురక్ష పైపే వాడండి, మీటరున్నర దాటనివ్వకండి, 5 ఏళ్లకోసారి మార్చండి. దూరం ఎక్కువైతే గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌తో రాగి పైపు వేయించి చివర వాల్వు పెట్టించుకోవాలి. స్టవ్ పైపును మధ్యలో కోసి టీ జాయింటు పెట్టి గీజర్‌కు లాగడం అసలే వద్దు.

వెలగడం లేదు, లేదా ఢబ్ అని ఆలస్యంగా అంటుకుంటోంది

ముందు సెల్స్ చూడండి. చాలా గీజర్లలో 1.5 వోల్టుల పెద్ద సెల్స్ రెండుంటాయి. అవి నీరసిస్తే నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది, ఆలోపు చేరిన గ్యాస్ అంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. సెల్స్ మార్చాక కూడా ఆ శబ్దం వస్తుంటే వాడకం ఆపి మెకానిక్‌ను పిలవండి. అసలు నిప్పురవ్వే పడకపోతే నీళ్ల ఒత్తిడి చాలడం లేదేమో. మన బోరు నీళ్లకు చన్నీళ్ల పైపు దగ్గరుండే జాలీ తెల్లగా గారపట్టి మూసుకుపోతుంది. నల్లా కట్టేసి, జాలీ విప్పి, నిమ్మరసంలో నానబెట్టి పాత బ్రష్‌తో తోమితే చాలు.

మంట చిన్నగా ఉందని కొందరు బజారులో దొరికే హైప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి పెడుతున్నారు. అది హోటల్ పొయ్యిల సరుకు, గీజర్ లోపలి వాల్వు ఆ ఒత్తిడికి ఆగదు.

మంట పసుపుగా ఉంది, మసి పడుతోంది

మంట నీలంగా ఉండాలి. పసుపు తిరిగిందంటే గాలి చాలడం లేదు, లేదా బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు చేరింది. సర్వీసు చేయించేదాకా వాడకండి.

స్నానం చేస్తుంటే తల తిరుగుతోంది

దీన్ని ఉపవాసమనో, బీపీ అనో కొట్టిపారేయకండి. చిన్న బాత్రూంలో తలుపేసుకుంటే గీజర్ అక్కడి గాలిని వాడేస్తుంది, గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ పోవడం, ఆ తర్వాత గడియ తీసుకునే ఓపిక కూడా ఉండదు. గ్యాస్ లీకైతే వాసనను ముక్కు పట్టేస్తుంది, దీన్ని పట్టలేదు, అందుకే నాకు లీకు కన్నా దీని భయమే ఎక్కువ. ఎవరైనా పడిపోతే తలుపు పగలగొట్టయినా ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి, గీజర్ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

కిటికీ కొంచెం తెరిచి పెట్టుకుంటాం అంటారు. చలికి ఎవరో ఒకరు మూసేస్తారు, చిన్నమ్మ వాళ్లింట్లో జరిగింది అదే, మా తమ్ముడు గోడ పట్టుకుని బయటపడ్డాడు. ఆ వారమే గీజర్‌ను బాత్రూం వెనక బయటి గోడకు, వాన తగలకుండా సజ్జ కింద బిగించాం. దానికి వేరే బండ పక్కనే నిలబెట్టి, మీటరు పైపుతో కలిపి, జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు పూసి చూశాం. ఇప్పుడు బాత్రూంలోకి వచ్చేది వేడినీళ్ల పైపు ఒక్కటే.